నాలుగు సెకన్లు

మార్చి 3

మళ్ళీ ఆగిందట.

పొద్దున్నే మా ఆయన చేతిలో టీ కప్పు పెడితే, తాగకుండానే "నీ డబ్బా మళ్ళీ ఆగిపోయింది" అన్నారు. ఆ డబ్బా, ఆయన ఇంట్లో విమానం నడిపే సాధన చేసుకోవడానికి నేను పదకొండు రోజులు కూర్చుని కట్టిన కంప్యూటర్. ప్రతి స్క్రూ నా చేత్తో బిగించాను. ఈ వీధిలో ఎవరి కంప్యూటర్ మూలపడ్డా నా రిపేరు షాపుకే మోసుకొస్తారు, "మేడమ్ చెయ్యి పడితే చాలు" అంటారు. ఇంటికొస్తే మాత్రం అది డబ్బా, నేను డబ్బా మెకానిక్‌ని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ ఎప్పుడో గెలిచాను, ఇంట్లోనే కుదరడం లేదు.

"ఎక్కడ ఆగింది?" అని అడిగాను.

"దిగేటప్పుడు. రన్‌వే ఎదురుగా ఉంది. బొమ్మ ఆగింది, ఒక్కసారిగా ముందుకి దూకింది. చూసేసరికి గడ్డిలో ఉన్నాను."

"ఎంతసేపు?"

"నాలుగు సెకన్లు."

"శబ్దం కూడా ఆగిందా?"

"నాకేం తెలుసు? అవన్నీ చూసుకోవాల్సింది నువ్వు."

గడ్డి అన్న మాట ఆయన నోట్లోంచి వస్తే నాకు భయం. జనవరిలో నిజం విమానాన్నే గడ్డిలోకి దించారు. తొమ్మిది మంది ప్రయాణికులు, ఒక్క పైలట్, మధ్యగీత వదిలేసి పక్కకి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, టైరొకటి పగిలింది. పక్కగాలి వల్ల అని రాసుకున్నారు. డాక్టరు కూడా చూసి అంతా బాగానే ఉందన్నాడు. ఏప్రిల్ 18న కంపెనీ వాళ్ళ సిమ్యులేటర్‌లో, అంటే ఉత్తుత్తి విమానంలో, పరీక్ష. పాసైతే మళ్ళీ ఆ సీట్లో కూర్చుంటారు. లేకపోతే పంతొమ్మిదేళ్ళ ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. అందుకే ఇంట్లో ఈ సాధన, అందుకే ఈ మిషన్.

సరే. ప్రాసెసర్ సరిపోవడం లేదన్నమాట. ఓవర్‌క్లాక్ చేస్తాను. ఏ వేగానికి పుట్టిందో ఆ వేగం దాటించి పరిగెత్తిస్తాను. కస్టమర్లు అడిగితే వద్దనే చెప్తాను. మొగుడికి ఆ మాట చెప్పగలనా?

మార్చి 5

4.7 గిగాహెర్ట్జ్ ఆ ప్రాసెసర్ పుట్టువేగం. ఇవాళ 4.9. కరెంటు ఒక చుక్క ఎక్కువ ఇచ్చాను. వేడి 71 డిగ్రీల దగ్గర నిలబడింది. తెరమీద సెకనుకి నలభై రెండు బొమ్మలు వచ్చేవి, యాభై ఒకటి వస్తున్నాయి.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఇంత మోత మోగుతోంది, పేలుతుందా ఏంటి?" అన్నారు. పేలదన్నాను. "మావాడు లోపలుండగా పేలితేనో?" అన్నారు. నేను లోపలుండగా పేలితే పర్లేదు కాబోలు.

మార్చి 6

ఆగలేదు.

మార్చి 7

ఆగలేదు. "చూశావా, ఎంత హాయిగా దిగిందో" అన్నారు. లేచి వెళ్తూ నా తలమీద చెయ్యి వేశారు. షాపుకి పాట పాడుకుంటూ వెళ్ళాను, ఈ వయసులో.

మార్చి 8

ఆగింది.

మార్చి 11

పెద్ద కూలర్ బిగించాను. వేడి లాగే పాత పేస్టు గీకి కొత్తది రాశాను. 5.0 పెట్టాను. మూడుసార్లు తెర నీలంగా మారి చచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేట్టుందని భయపడ్డాను. నాలుగోసారి నిలబడింది. ప్రాసెసర్‌కి ఊపిరి తీసుకోనివ్వకుండా బండ లెక్కలు అప్పజెప్పి, ఆరుగంటలు పరిగెత్తించి పరీక్షించాను. ఒక్క తప్పు చెయ్యలేదు. నా పనిలో వంకలుండవు.

పక్క షాపు కళ్ళద్దాలాయన టీ తెచ్చి, కూలర్ వచ్చిన ఖాళీ అట్టపెట్టె చూసి ఏంటి సంగతి అన్నాడు. చెప్పాను. నవ్వి, "మా దగ్గరికీ వస్తారు మేడమ్. అద్దం మార్చండి, అక్షరం కనబడట్లేదంటారు. తీరా చూస్తే చదువే రాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అన్నాడు.

"మా ఆయనకి ఆడటం వచ్చు. పంతొమ్మిదేళ్ళుగా ఆడుతున్నారు" అన్నాను. టీ సగంలో వదిలేసి లోపలికి వచ్చేశాను. ఏమనుకున్నాడో ఏమో. అనుకోనీ.

మార్చి 14

ఆగింది. రెండుసార్లు.

చీఫ్ పైలట్ ఫోన్ చేసి సాధన ఎలా సాగుతోందని అడిగాడు. నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నా. ఈయన గొంతు స్పష్టంగా వినబడుతోంది.

"బాగానే ఉంది సార్. కాకపోతే ఇంట్లో సిస్టం కొంచెం మొండికేస్తోంది. మధ్యలో ఆగిపోతోంది. మా ఆవిడ చేసిందే లెండి."

మా ఆవిడ చేసిందే లెండి. ఆ "లెండి" ఉంది చూశారూ, దాన్ని తీసుకెళ్ళి ఆ ఫ్యాన్లో పడెయ్యాలనిపించింది. నా పని గురించి బయటివాళ్ళ దగ్గర ఒక్క మాట మంచిగా చెప్పిన పాపాన పోలేదు. చెడు చెప్పడానికి మాత్రం నోరు పెగులుతుంది.

మడతపెట్టిన చొక్కాలన్నీ విప్పి పడేశాను. మళ్ళీ నేనే మడతపెట్టాను.

మార్చి 15

5.1.

మార్చి 16

ఆగింది.

మార్చి 19

ఇలా గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిప్పితే లాభం లేదు. ఎప్పుడు ఆగుతోందో, ఎందుకాగుతోందో పట్టుకోవాలి. ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాను. ఆయన ఎగురుతున్నంతసేపూ ఒక్కో బొమ్మ రావడానికి ఎంత సమయం పట్టిందో అది గీత గీస్తుంది. మిషన్ ఆగితే గీత కొండలా లేస్తుంది.

ఎనిమిదీ నలభైకి "ఆగింది!" అని కేకేశారు. పరిగెత్తుకెళ్ళి చూశాను. గీత చాపలా పరుచుకుని ఉంది. చిన్న గతుకు కూడా లేదు.

ప్రోగ్రాం సరిగ్గా పనిచెయ్యడం లేదు. వేరేది పెట్టాలి.

మార్చి 20

వేరేది పెట్టాను. ఆగిందన్నారు. గీత చాపలాగే ఉంది.

ఇదీ పనికిమాలిందే.

మార్చి 22

ఇవాళ ఇంకో గీత కలిపాను. ఆయన పట్టుకునే స్టీరింగ్, దాన్ని స్టీరింగ్ అంటే కోపం, యోక్ అనాలి. ఆ యోక్‌ని ఆయన చెయ్యి ఎంత కదిపిందో చూపే గీత.

పెళ్ళైన కొత్తలో ఒకసారి ఖాళీ విమానంలో నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. నేను కిందికి చూడకుండా ఆయన చేతినే చూస్తూ కూర్చున్నా. విమానం తిన్నగానే పోతోంది, చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు, ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి. ఎందుకలా అంటే, "చెయ్యి విమానంతో మాట్లాడుతూనే ఉండాలి. ఊరుకుందంటే పైలట్ లేడని అర్థం" అన్నారు. ఆ మాటకే నేను పడిపోయాను, నిజం చెప్పొద్దూ.

ఆ చేతి గీత రంపం పళ్ళలా ఉంది. ఆ చివర్నుంచి ఈ చివరకి పళ్ళే. ఒక్కచోట మాత్రం నాలుగు సెకన్లు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఆయన ఆగిందన్న చోటే. బొమ్మల గీత అక్కడ కూడా చాపలాగే ఉంది.

అమ్మయ్య. దొరికింది. యోక్ వైర్ లూజు.

మార్చి 23

వైర్ మార్చాను.

మార్చి 24

ఆగింది. యోక్ విప్పి లోపలి సెన్సార్ మార్చాను.

మార్చి 25

ఆగింది. యోక్ పెట్టే సాకెట్ మార్చాను. ప్రాసెసర్ 5.2కి ఎక్కించాను. వేడి 90. ఇంతకన్నా పైకి పోతే కాలిపోతుంది.

మార్చి 26

ఆయన బయటికెళ్ళాక నేనే కూర్చున్నా. రెండు గంటలు ఎగిరాను, అంటే తొమ్మిదిసార్లు నేలకి కొట్టాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నా చేతి గీత పిచ్చివాడు గీసినట్టుంది, కానీ ఎక్కడా ఆగలేదు.

నేను సరిగ్గా దించలేదు కాబట్టి ఆగలేదేమో. సరిగ్గా దించేవాళ్ళకే ఆగుతుందేమో.

పై వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను. ఇలా మాట్లాడే కస్టమర్ వస్తే మొహం మీదే నవ్వేదాన్ని.

మార్చి 28

ఇవాళ ఆయన వెనకాల ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నా. "ఏంటి, కాపలానా?" అన్నారు. వైర్ చూస్తానన్నాను. పక్కనుంచి మొహం కనబడేట్టు జరిగాను.

దిగుతున్నారు. రన్‌వే పెద్దదవుతోంది. ఇంజిన్ శబ్దం వస్తోంది. చెట్లు వెనక్కి పోతున్నాయి. తెరమీద అన్నీ కదులుతున్నాయి. ఆయన కదలడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, అందులో ఆయన లేరు. పెదాలు ఏదో చప్పరిస్తున్నట్టు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. విమానం గడ్డిలోకి పోయింది.

తర్వాత కళ్ళలోకి ఆయన తిరిగొచ్చారు. "చూశావా? ఆగింది" అన్నారు.

"అవును. ఆగింది" అన్నాను.

నేనే అన్నాను. ఇంకెవరూ కాదు.

మార్చి 29

5.3 పెట్టి చూడాలి.

మార్చి 30

5.3 నిలబడలేదు. మళ్ళీ 5.2.

మార్చి 31

షాపు. ఏం రాయాలనిపించడం లేదు.

ఏప్రిల్ 4

చెప్పేద్దామని ఇవాళ మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఏమని చెప్పను? మిషన్ ఆగట్లేదండీ, మీరే ఆగుతున్నారు అనా? పాపం ఆయనకి తెలియదు. తెలిస్తే తట్టుకోలేరు. ఆకాశం తప్ప ఇంకోటి తెలియని మనిషి. పరీక్షలో ఎలాగూ బయటపడుతుంది, కంపెనీ వాళ్ళే చెప్తారు, డాక్టరే చెప్తాడు. నా నోటితో ఎందుకు? పరీక్ష అయ్యేదాకా నాదే తప్పని ఒప్పుకుంటూ ఉంటాను. అదీ ఒక సేవే.

సేవట. రాయడానికి చెయ్యెలా వచ్చిందో.

ఏప్రిల్ 9

ఆయన ప్రయాణాల పుస్తకం బల్లమీద తెరిచి ఉంది. ఎగిరిన ప్రతి గంటా అందులో రాసుకుంటారు. ఇప్పుడు ఇంట్లో సాధన కూడా తేదీ వేసి రాస్తున్నారు. అంచున పెన్సిల్‌తో చిన్న చుక్కలు కనబడ్డాయి. మొదట ఏదో మరక అనుకున్నా.

మార్చి 14, రెండు చుక్కలు. మార్చి 16, ఒకటి. మార్చి 6, 7, లేవు. మార్చి 28, ఒకటి. నా డైరీ తెచ్చుకుని పక్కన పెట్టి చూశాను. ఒక్కటీ తప్పలేదు.

సరే, మిషన్ ఆగినప్పుడల్లా గుర్తు పెట్టుకుంటున్నారు అనుకున్నా. పేజీలు వెనక్కి తిప్పాను. జనవరిలో గడ్డిలోకి దిగిన రోజు, ఒక చుక్క. నవంబరులో మూడు. పోయిన ఏడాది. అంతకుముందు ఏడాది. చుక్కలు, చుక్కలు. అప్పటికి నేనా మిషన్ కట్టనే లేదు.

పుస్తకం ఎలా ఉందో అలాగే పెట్టేశాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను, ఎందుకో గుర్తులేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

పాపం ఆయనకి తెలియదట! ముప్ఫై ఏడు రోజులు వేడిలో కూర్చుని నేను ఆ ప్రాసెసర్‌ని కొట్టి కొట్టి పరిగెత్తిస్తుంటే, చుక్క పెట్టుకుని వచ్చి "నీ డబ్బా ఆగింది" అన్నారు. రేపు నిజంగా ఎవరైనా చూస్తే చెప్పుకోవడానికి ఒక సాక్ష్యం కావాలి కదా. ఇంట్లో కూడా ఇలాగే అయ్యేది సార్, మా ఆవిడ చేసిందే లెండి. మద్దెల ఓడని చెప్పడానికి ముందు ఇంట్లో ఒక మద్దెల ఉండాలి. అది నాతోనే కట్టించారు.

ఏప్రిల్ 10

ఆగిందన్నారు. సరే చూస్తానన్నాను.

ఏప్రిల్ 13

ఆగింది.

ఏప్రిల్ 18

పాసయ్యారు.

గంటసేపు కంపెనీ సిమ్యులేటర్‌లో ఎగిరితే ఆ నాలుగు సెకన్లు ఒక్కసారి కూడా రాలేదు. ఫోన్లో "పాస్!" అని అరిచారు, గొంతు పగిలింది. నాక్కూడా కళ్ళనీళ్ళు తిరిగాయి. సంతోషించాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నా, ఒక పావుగంట మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ పావుగంటలో ఆ తొమ్మిది సీట్లు నాకు గుర్తు రాలేదు.

24న పొద్దున్న మొదటి విమానం. సీట్లన్నీ నిండాయట.

ఏప్రిల్ 19

భోజనాల దగ్గర నెమ్మదిగా ఎత్తాను. "ఒకసారి పెద్ద డాక్టరుకి చూపించుకుంటే బాగుంటుందేమో, ఊరికే."

"దేనికి?"

"అలసటగా కనిపిస్తున్నారు."

"నేను పాసయ్యాను. నీకు వినబడలేదా?" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

అత్తయ్య నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు నాకర్థం కాలేదు. అర్థం కాలేదనే రాస్తున్నాను.

ఏప్రిల్ 20

చీఫ్ పైలట్ దగ్గరికి వెళ్ళాను. గీతలన్నీ కాగితాల మీద తీసి పట్టుకెళ్ళాను. కట్టుకున్నవాడి మీద చాడీ చెప్పడానికి వెళ్తున్నట్టే ఉంది, ఎన్ని రకాలుగా చెప్పుకున్నా.

చీఫ్ పైలట్ అద్దాలు పెట్టుకుని ఓపిగ్గానే చూశాడు.

"ఇది మీరు కట్టిన మిషన్ కదమ్మా? ఎంత మీద నడుస్తోంది?"

"అయిదు పాయింట్ రెండు" అన్నాను. అంత భయంలోనూ కొంచెం గర్వంగా అన్నాను, దరిద్రం.

"అబ్బో. అసలు వేగం?"

"నాలుగు పాయింట్ ఏడు."

కాగితాలు పక్కన పెట్టేశాడు. "నాకూ ఈ పిచ్చి ఉందమ్మా, తెలుసు. ఓవర్‌క్లాక్ చేసిన మిషన్ మాట ఎవరూ నమ్మరు. అది ఎక్కడ తప్పు రాస్తుందో దానికే తెలియదు. మీ ఆయనే చెప్పాడుగా, ఆగుతోందని. మా మిషన్ మీద గంటసేపు కూర్చున్నాడు, ఏం కాలేదు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏదైనా గొడవా?"

నేను పెంచిన ప్రతి పాయింటూ నా మాటనే అబద్ధం చేసింది. మొగుడి కోసం మిషన్‌ని అంత బాగా చేశాను, చివరికి అది సాక్ష్యానికి పనికిరాకుండా పోయింది.

"పుట్టువేగం మీద తీసుకొస్తే చూస్తారా?" అని అడిగాను.

"తీసుకురండి" అన్నాడు. తెస్తానని అనుకోలేదు, వదిలించుకోవడానికే అన్నాడు.

ఏప్రిల్ 21

ఆయన స్నానానికి వెళ్ళగానే మిషన్ సెట్టింగ్స్ తెరిచాను. అన్నీ మొదటికి తిప్పే మీట ఒకటుంటుంది. నొక్కాను. యాభై రోజుల పని ఒక్క నొక్కుతో పోయింది. 4.7.

ఇప్పుడిది నిజంగానే డబ్బా. సెకనుకి మళ్ళీ నలభై రెండు బొమ్మలు, మేఘాలొస్తే ఇరవై ఎనిమిది. రన్‌వే దగ్గర కుంటిగుర్రంలా గెంతుతోంది. పసిపిల్లకైనా తెలిసిపోతుంది.

24న వెళ్ళే దారి సాధన చేస్తానని కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. బొమ్మ గెంతుతోంది, ఆగుతోంది, మళ్ళీ గెంతుతోంది. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనుకున్నా.

దిగి, వెనక్కి వాలి, ఒళ్ళు విరుచుకున్నారు. "ఇవాళ వెన్నలా ఉంది. ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు" అన్నాను.

పరీక్ష అయిపోయింది. ఇక మద్దెలతో పనిలేదు.

గీతలు తీశాను. బొమ్మల గీత నిండా గతుకులే, అయినా ఎక్కడా అర సెకను మించి ఆగలేదు. చేతి గీత పళ్ళు, పళ్ళు, పళ్ళు, మధ్యలో ఒక స్కేలు ముక్క. నాలుగున్నర సెకన్లు. ఆయన వెళ్ళాక ప్రయాణాల పుస్తకం చూశాను. చుక్క పెట్టుకున్నారు. చుక్కలున్న పేజీలన్నీ ఫోటో తీశాను.

ఏప్రిల్ 22

ఇచ్చాను.

ఈసారి చీఫ్ పైలట్ గొడవా అని అడగలేదు. చుక్కల ఫోటోలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాడు. జనవరి దగ్గర చాలాసేపు ఆగాడు. "ఆ రోజు విమానంలో మా అక్క ఉంది" అన్నాడు.

ఏప్రిల్ 23

ఆయనకి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద డాక్టరు చూసేదాకా ఎగరకూడదన్నారు. ఫోన్ పెట్టేసి నన్ను పిలవలేదు. నేనే వెళ్ళాను.

"నువ్వేనా?" అన్నారు.

"నేనే."

"రెండేళ్ళుగా ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అయ్యేదాకా చుక్కలు పెట్టుకుందామనుకున్నారా?"

"నాలుగు సెకన్లే. నాలుగంటే నాలుగు. రోజుకి ఎనభై ఆరువేల సెకన్లుంటాయి, అందులో నాలుగు నాకు క్షమించలేకపోయావా?"

"నాకోసమైతే క్షమించేదాన్ని. ఆ సీట్లలో కూర్చునేవాళ్ళు నన్నడగలేదుగా?"

అరవలేదు, మామూలుగానే అన్నారు, "నీ డబ్బా ఆగిందని ఒక్కమాట అంటే సరిపోయేది కదే. నేనడిగింది అదొక్కటేగా."

"నెలన్నర అదే అన్నాను" అన్నాను.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చారు. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని తెలియదా నీకు? ఇంటి గుట్టు తీసుకెళ్ళి ఆఫీసులో పెట్టొస్తావా? నేనెప్పట్నుంచి చూస్తున్నాననుకున్నావ్? చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మళ్ళీ తినేవాడు."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు చెప్పావా?"

తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలే పెద్దదేమో. మార్చి 28 నుంచి ఏప్రిల్ 20 దాకా ఇరవై మూడు రోజులు. పరీక్ష తర్వాత మర్నాడే విమానం ఎక్కమని ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. చెప్పేదాన్ననే రాసుకోవచ్చు, ఇది నా డైరీయే. రాయడం లేదు.

ఏప్రిల్ 24

పొద్దున్న ఏడుకి విమానం వెళ్ళింది. ఇంకో పైలట్ నడిపాడు. మా డాబా మీంచి కనబడుతుంది. ఆయన డాబా ఎక్కలేదు. నేనే ఎక్కి చూశాను.

మే 6

మూర్ఛలో ఒక రకమట. పడిపోకుండా, కొట్టుకోకుండా వస్తుందట. మాత్రలు రాశారు. తగ్గుతుందట. తగ్గినా ఆ సీట్లో మాత్రం మళ్ళీ కూర్చోనివ్వరట.

కంపెనీ ఆయన్ని సామాన్లు తూచే బల్ల దగ్గర వేసింది. ఎవరి పెట్టె ఎంత బరువో చెప్తే, నిన్నటిదాకా ఆయన ముందు చేతులు కట్టుకున్న కుర్ర పైలట్లు రాసుకుంటారు. పొద్దున్నే యూనిఫాం లేకుండా వెళ్తున్నారు. నేనిచ్చిన టీ తాగడం లేదు, అత్తయ్య పెట్టిందే తాగుతున్నారు.

మే 15

మాట్లాడటం లేదు.

మే 23

మాట్లాడటం లేదు. కళ్ళద్దాలాయన మీ ఆయన మిషన్ బాగుపడిందా అని అడిగాడు. బాగుందన్నాను.

జూన్ 2

పోయిన ఆదివారం నుంచీ మళ్ళీ ఆ గదిలో కూర్చుంటున్నారు. తలుపు వేసుకుంటారు. ఇంజిన్ శబ్దం వినబడుతుంది, అంతే. మిషన్ ఇంకా 4.7 మీదే ఉంది. నేను ముట్టుకోలేదు. ముట్టుకోకూడదనే ముట్టుకోలేదు. అనుభవించనీ అనుకున్నాను.

ఇవాళ షాపుకి బయల్దేరుతుంటే తలుపు తెరుచుకుంది. నలభై రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట:

"ఇది ఆగుతోంది."

బ్యాగు కింద పెట్టి లోపలికెళ్ళాను. ఆయన లేచి పక్కకి నిలబడ్డారు. గీతలు తీశాను. చేతి గీత ఈ చివర్నుంచి ఆ చివరదాకా రంపం పళ్ళే, ఒక్కటి కూడా పోలేదు. మాత్రలు పనిచేస్తున్నాయి. బొమ్మల గీత ఆరుచోట్ల కొండల్లా లేచింది.

ఈసారి మిషనే ఆగింది. ఈ మిషన్ గురించి ఆయన నాతో నిజం చెప్పడం ఇదే మొదటిసారి.

"అవును, ఆగుతోంది" అన్నాను.

షాపు తెరవలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ చేశాను, 4.9, 5.0, 5.1. ఆయన గోడకి ఆనుకుని నిలబడి చూస్తూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి టార్చి పట్టుకోమంటే పట్టుకున్నారు. 5.2 దగ్గర నిలబెట్టి కుర్చీ ఖాళీ చేశాను.

కూర్చున్నారు. రన్‌వే దగ్గరికొచ్చింది. చెయ్యి ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి, ఒక్క క్షణం ఊరుకోలేదు. సరిగ్గా మధ్యగీత మీద దించారు. నేనింత చక్కని దిగడం ఎప్పుడూ చూడలేదు.

విమానంలో ఎవరూ లేరు.